చలికాలం చివర పక్షులను లేపి తీసే ఫొటోల గురించి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

గత ఆదివారం మీ పత్రిక జిల్లా పేజీలో, చిలికా సరస్సు మీద వందలాది బాతులు ఒక్కసారిగా గాలిలోకి లేచిన రంగుల ఫొటోను పేజీ పైభాగమంతా పరచి ప్రచురించారు. దాని కింద ‘విదేశీ అతిథుల విన్యాసం’ అన్న వ్యాఖ్య, ఆ పక్కనే అవి ఏ రేవుకు ఎంత దూరంలో ఉన్నాయో, పడవ ఎక్కడ మాట్లాడుకోవాలో తెలిపే నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఫొటో చూడముచ్చటగానే ఉంది. అయితే బరంపురం చుట్టుపక్కల ఏళ్ల తరబడి పక్షులను చూస్తున్న మాలాంటివారి కంట మరికొన్ని వివరాలు కూడా పడ్డాయి. వెలుతురు నడినెత్తి నుంచి పడుతోంది కాబట్టి అది మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో. ఆ వేళకు సూదితోక బాతులు మెడ వెనక్కి తిప్పి, ముక్కు రెక్కల్లో దోపుకొని కునుకు తీస్తుంటాయి. ఏదో ఒకటి బెదరగొడితే తప్ప గుంపు గుంపంతా ఒకే దిక్కుకు లేవదు. ఆ బెదరగొట్టింది ఏమిటో ఫొటో అడుగున ఎడమ మూలలో, కత్తిరించగా మిగిలిన మరపడవ ముక్కును చూస్తే తెలిసిపోతుంది.

ఇటువంటి ఫొటోలను, ముఖ్యంగా మాఘమాసం సగం నుంచి హోలీ దాటేవరకు, పత్రిక ప్రచురించకుండా ఉండాలని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడవైనదే. చోటు చాలక కత్తిరించవలసి వస్తే పక్షుల తిండికీ ప్రయాణానికీ సంబంధించిన భాగాన్ని మాత్రం ఉంచవలసిందిగా మనవి.

మీ పాఠకుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపువారే ఎక్కువ కనుక మా ప్రాంతం గురించి ఒకటి రెండు మాటలు చెప్పాలి. 1936లో ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాకు బరంపురం పెద్ద పట్టణం. ఇక్కడి బజారులో నేటికీ తెలుగు వినబడని వీధి తక్కువ. ఊరికి గంట ప్రయాణంలోపే పక్షులకు ఇన్ని రకాల ఆటపట్టులున్న పట్టణాలు తూర్పుతీరంలో ఎన్నో లేవు. గోపాల్‌పూర్ దగ్గర సముద్రపు ఒడ్డు, ఉప్పుటేర్లు ఉన్నాయి. ఛత్రపురాన్ని ఆనుకొని తంపర మంచినీటి సరస్సు ఉంది. దీనికి అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చినట్లు 2022లో ప్రకటించారు. గంజాం ఊరి దగ్గర ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నెలు, కొంచెం పైకి వెళ్తే హుమ్మ ఉప్పు మడులు, ఆ తరువాత రంభ దగ్గర చిలికా దక్షిణపు కొస మొదలవుతాయి. హౌరా నుంచి మద్రాసు వెళ్లే రైలుమార్గం ఈ సరస్సు పక్క నుంచే పోతుంది కాబట్టి, తెల్లవారుజామున రంభ, బాలుగావ్‌ల మధ్య కిటికీ పక్కన కూర్చున్నవారు టికెట్టు ధరకే సగం పక్షులను చూసేయవచ్చు. దక్షిణాన ఇచ్ఛాపురం మీదుగా వచ్చే బాహుదా నది సోనాపురం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ రాష్ట్రాల సరిహద్దు దాటుతున్నట్లు మనుషులకు తెలుస్తుంది గాని, నీటి అంచు బురదలో మేసే ఉల్లంకి పిట్టలకు తెలియదు.

సంక్రాంతి తరువాతి వారాలు ఫొటోలు తీసేవారికి కలిసివచ్చే కాలం. మంచు పలచబడి ఉదయపు వెలుతురు శుభ్రంగా ఉంటుంది. వానాకాలంలో నీట మునిగే, చిలికాలోని నలబణ దీవి వంటి చోట్ల నీరు తీసి, బురద బయటపడి, పక్షులు ఆ బురద చుట్టూ చేరుతాయి. మగ బాతుల ఈకల రంగులు అప్పటికి పూర్తిగా తేరుకొని ఉంటాయి. కావ్యాల్లో రాత్రివేళ జంట విడిపోయి విలపించేదిగా చెప్పే చక్రవాకం తిన్నె మీద నారింజరంగులో నిగనిగలాడుతూ కనిపిస్తుంది. మార్చి దగ్గరపడేసరికి నల్లతోక గాడ్విట్ పక్షుల మెడ మీద ఇటుకరంగు తేలడం మొదలవుతుంది. పదేళ్ల క్రితం ఈ ప్రాంతంలో పొడవాటి లెన్సు మెడలో వేసుకొని తిరిగేవారిని వేళ్ల మీద లెక్కించగలిగేవాళ్లం. నేడు ఆరువందల మిల్లీమీటర్ల దాకా సాగే లెన్సులు మధ్యతరగతి ఉద్యోగులకు వాయిదాల్లో అందుతున్నాయి కాబట్టి, ఆదివారం ఉదయం తంపర గట్టు మీద పక్షులకంటే కెమెరాలే ముందు కనిపిస్తాయి. ఇందులో నాకు అభ్యంతరం లేదు. యువకులు సెలవురోజును చెరువుగట్టు మీద గడపడం మంచి మార్పే.

అయితే ఫొటోలకు అనువైన ఈ వారాలే పక్షులకు ఏడాది మొత్తంలో అత్యంత కీలకమైనవి. చిలికాకు వచ్చే బాతులు, ఉల్లంకులు వంటి వలస పక్షుల్లో చాలా భాగం ఫిబ్రవరి చివరి నుంచి ఉత్తరదిశగా బయలుదేరతాయి. మంగోలియా, బైకాల్, కాస్పియన్ ప్రాంతాల దాకా, కొన్ని ఇంకా పైకి, వేలాది కిలోమీటర్లు ఎగరాలి. తల వెనుక రెండు నల్లని పట్టీలుండే బార్‌హెడెడ్ గూస్ హిమాలయాలనే దాటిపోతుంది. 7,000 మీటర్లకు పైన ఎగిరినట్లు శాస్త్రవేత్తలు దానికి అమర్చిన పరికరాలు నమోదు చేశాయి. ఇంత ప్రయాణానికి పక్షి దగ్గర ఉండే ఇంధనం ఒంట్లో చేరిన కొవ్వు ఒక్కటే. అందుకే బయలుదేరే ముందు వారాల్లో అవి మామూలుకంటే చాలా ఎక్కువ తింటాయి. కొన్ని జాతుల ఉల్లంకులు ఈ కొద్ది రోజుల్లోనే తమ బరువును సగానికి పైగా పెంచుకుంటాయి. ఆ బరువు పెరగాలంటే తిండి ఒక్కటే సరిపోదు, తిన్నది ఒంటపట్టేందుకు విశ్రాంతి కూడా కావాలి. రెక్క ఆడించడం మొదలుపెట్టిన క్షణం నుంచి, కదలకుండా కూర్చున్నప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఒక మరపడవ వచ్చి లేపితే గుంపు రెండు చుట్లు తిరిగి మరోచోట వాలుతుంది. అరగంటలో మరో పడవ అక్కడికీ వస్తుంది. ఆదివారం పూట ఇది ఎన్నిసార్లు జరుగుతుందో రంభ రేవులో నిలబడి చూసినవారికి తెలుసు. దూరప్రయాణానికి కట్టుకున్న సద్దిమూటను, బయలుదేరే గడియలో, ఒక్కొక్కరూ ఒక్కొక్క ముద్ద చొప్పున విప్పి తినేసినట్లే అవుతుంది.

‘అవి పగలంతా నిద్రపోతూనే ఉన్నాయి కదా, ఒకసారి లేస్తే ఏం నష్టం’ అని అడిగేవారున్నారు. శీతాకాలపు బాతుల్లో చాలా జాతులు రాత్రిళ్లు మేతకు వెళ్లి పగలు విశ్రమిస్తాయి. మనకు ఏ పనీ లేనట్లు కనిపించే ఆ పగటి నిద్ర వాటి దినచర్యలో భాగం. రాత్రంతా పని చేసి వచ్చి పడుకున్న మనిషిని మధ్యాహ్నం తట్టి లేపి, ఫొటో బాగా వచ్చిందని సంబరపడేవారిని మనం ఏమంటామో వేరే చెప్పనక్కరలేదు.

పక్షి ఉలిక్కిపడి హఠాత్తుగా లేచిపోయిందని చాలామంది అనుకుంటారు గాని, లేచే ముందు అది తగినంత హెచ్చరిక చేస్తుంది. సూదితోక బాతుల గుంపునే తీసుకోండి. పడవ దగ్గరపడుతుంటే మొదట గుంపు అంచున ఉన్న ఒకటి రెండు పక్షులు ముక్కును రెక్కల్లోంచి బయటకు తీస్తాయి. తరువాత సన్నని మెడలు ఒక్కొక్కటిగా నిటారుగా లేస్తాయి, తలలు అటూ ఇటూ తిరుగుతాయి. మేస్తున్నవి మేత ఆపేస్తాయి. ఆ పైన గుంపు మొత్తం ఒకేవైపు, పడవకు ఎదురు దిక్కున, ఈదడం మొదలుపెడుతుంది. చివరికి గాని రెక్కలు విప్పవు. ఈ నాలుగు దశల్లో మొదటిదాని దగ్గర పడవ ఆపితే అవి మళ్లీ ముక్కు రెక్కల్లో పెట్టుకుంటాయి. మూడోదాని దగ్గర ఆపినా కొంతసేపటికి సర్దుకుంటాయి. సముద్రపు ఒడ్డున తెలుగు మాట్లాడే జాలరులకు ఇదంతా కొట్టినపిండి. గోపాల్‌పూర్ ప్రాంతం నుంచి వచ్చి పడవ నడిపే ఒక పెద్దాయన, ఒడ్డు నుంచి ఎక్కిన కుర్రవాళ్లు ఇంకా ముందుకు పోనిమ్మంటుంటే, ‘బాబూ, మెడలెత్తేసినాయి, ఇంకో బారెడు పోతే లెగిసిపోతాయి’ అని ఇంజను ఆపేయడం నేను చూశాను. కుర్రవాళ్లకు కావలసింది అవి లెగిసిపోవడమే. పైన మరో రెండు వందలు ఇస్తామన్నారు. ఆయన ఆ రోజు వినలేదు గాని, ఆయన పక్క పడవవాడు వినకుండా ఉంటాడని పూచీ లేదు. రోజు కూలి లెక్కల్లో ఆ రెండు వందలు చిన్న మొత్తం కాదు. అందువల్ల పడవవారినే దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదని నా ఉద్దేశం. ఎగిరే గుంపు ఫొటోకు పత్రికలోనూ ఫోన్లలోనూ దక్కే మెప్పే ఆ రెండు వందలను ఇప్పిస్తోంది.

గుంపును లేపే పద్ధతులు కూడా ఇప్పుడు పెరిగాయి. ఇంజను జోరు పెంచడం, పడవ అంచు మీద తెడ్డుతో బాదడం, చప్పట్లు, ఈలలు పాతవి. డ్రోనును గుంపు మీదికి దింపడం కొత్తది. పై నుంచి వచ్చే వస్తువును పక్షులు గద్దనో డేగనో వచ్చినట్లే భావించి చెదిరిపోతాయి. దట్టమైన పొదల్లో ఉండే చిన్న పిట్టలను బయటికి రప్పించడానికి వాటి కూతనే ఫోనులో పదేపదే వినిపించే అలవాటు మరొకటి. తన చోటుకు పరాయి మగపక్షి వచ్చిందనుకొని పిట్ట మేత మానేసి కొమ్మ కొమ్మకూ ఎగిరి వెతుకుతుంది. గట్ల మీద వదిలేసే నీళ్ల సీసాల గురించి, చిరుతిళ్ల సంచుల గురించి మీ పత్రిక ఇదివరకే రాసింది కనుక ఆ జోలికి పోను.

బెదరగొట్టకుండా మంచి ఫొటోలు రావన్న వాదనకు చిలికా ఉత్తరపు అంచున, ఖుర్దా జిల్లాలోని మంగళాజోడి గ్రామం సమాధానం చెబుతుంది. ఒకప్పుడు ఆ ఊరివారిలో చాలామందికి పక్షులను వేటాడి అమ్మడమే జీవనం. దాదాపు పాతికేళ్లుగా, అదే ఊరివారు పక్షి సంరక్షణ సమితిగా ఏర్పడి వేట మాన్పించి, కాపలా కాస్తూ, వచ్చినవారిని పడవల్లో తిప్పి చూపిస్తూ బతుకుతున్నారు. అక్కడ ఇంజను పడవలు ఉండవు. రెల్లు మధ్య సన్నని నీటిదారుల్లో వెదురు గడతో పడవను మెల్లగా తోసుకుంటూ పోతారు, పక్షి తల ఎత్తగానే గడ ఆపేస్తారు. ఫలితంగా గాడ్విట్‌లు, నీలి బొల్లికోళ్లు, చక్రవాకాలు పడవకు కొన్ని గజాల దూరంలోనే తమ మానాన తాము మేస్తూ ఉంటాయి. రంభ వైపు మరపడవలో గుంపును తరిమి, గాలిలో మసకగా కదిలిన వంద చుక్కలను పట్టుకొచ్చినవారు, మంగళాజోడిలో కదలకుండా కూర్చున్నవారు తీసిన ఫొటోలు చూస్తే పక్షి ముక్కు మీది నీటిబొట్టు దాకా కనిపిస్తుంది. ఒకప్పుడు వేటాడిన చేతులకు ఓర్పు తెలుసు కాబట్టే ఈ పని అంత బాగా సాగుతోందని నా నమ్మకం. ఖరీదైన లెన్సుతో పాటు ఆ ఓర్పు కూడా కొనుక్కోగలిగితే బాగుండును.

ఇది వలసపక్షులతోనే ఆగే సంగతి కాదు. చలికాలం చివర వచ్చిన పక్షులు వెళ్లిపోయే సమయానికే ఇక్కడి పక్షులు గూళ్లు కట్టే పని మొదలుపెడతాయి. ఏటి ఒడ్డు గట్లలో పసరికపిట్టలు బొరియలు తవ్వడం ప్రారంభిస్తాయి. మార్చి వచ్చేసరికి తీతువు పిట్ట గులకరాళ్ల మధ్య, గూడన్న పేరుకు కూడా ఏమీ లేకుండా, నేల మీదే గుడ్లు పెడుతుంది. నదీముఖాల ఇసుక తిన్నెల మీద ఇక్కడే ఉండే చిన్న ప్లవర్ పిట్టలు, టెర్న్ పక్షులు కూడా ఇసుక రంగులోనే గుడ్లు పెడతాయి. మనిషి ఇరవై అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చొని గంటసేపు ఫొటోలు తీస్తుంటే తల్లి గుడ్ల మీదికి రాదు; ఎండకు గుడ్లు ఉడికిపోతాయి, లేదా ఆ గంటలో కాకి చూసుకుంటుంది. చెట్ల మీద గూళ్లను బాగా చూపించాలని అడ్డుగా ఉన్న కొమ్మను విరిచేవారు, తాము పోయిన తరువాత ఆ కొమ్మ ఇచ్చే నీడ, ఆ కొమ్మ ఇచ్చే మరుగు పిల్లలకు ఉండవన్న సంగతి ఆలోచించరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను గాని గూళ్లను గాని పాడుచేయడంతో పాటు వాటికి భంగం కలిగించడాన్ని కూడా చేర్చింది. అంటే తుపాకీ పట్టకుండానే, కెమెరాతోనే, చట్టం దృష్టిలో వేటగాడు కావచ్చు. అదే చట్టం ప్రకారం అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి అనుమతి తీసుకోవాలి. 1987 నుంచి అభయారణ్యంగా ఉన్న నలబణకు ఇది వర్తిస్తుంది. ఈ రెండు విషయాలు ఫొటోగ్రాఫర్లలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

మీ వ్యాఖ్యల్లో పదేపదే కనిపించే ‘సైబీరియా పక్షులు’ అన్న ప్రయోగం గురించి కూడా ఒక సవరణ అవసరం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చింతచెట్ల మీద వానాకాలంలో పిల్లలను చేసే నత్తగుల్ల కొంగలు సైబీరియా నుంచి వచ్చేవి కావు. ఇవి దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. నీరు, చేపలు, నత్తలు దొరికే చోటును బట్టి దేశంలోపలే తిరుగుతుంటాయి. తేలుకుంచి గ్రామస్థులు ఆ కొంగలు వస్తేనే వానలు పడతాయని నమ్మి, తరాలుగా రాయి విసరనివ్వకుండా కాపాడుతున్నారు. ఈ సవరణ పాండిత్యం కోసం చెప్పడం లేదు. వేల మైళ్ల నుంచి వచ్చిన అతిథి అంటే గాని పక్షికి విలువ లేదన్నట్లు రాస్తే, ఊరి చెరువులో ఏడాది పొడుగునా ఉండే నారాయణపక్షికీ, నీటికాకికీ, లకుముకి పిట్టకూ ఆపద వస్తే ఎవరూ అడ్డుపడరు.

ఇక చిరునామాల సంగతి. మీ ఫొటో పక్కన ప్రచురించిన దారి వివరాలు పాఠకులకు ఉపయోగపడాలనే ఇచ్చి ఉంటారు. కాని ఆ మరుసటి రోజు నుంచే అదే రేవులో పడవల సంఖ్య పెరిగింది. ఒక గుడ్లగూబ గూడు పెట్టిన చెట్టు ఎక్కడుందో ఫోను గ్రూపులో ఒకరు పెడితే, మూడో రోజుకు ఆ చెట్టు కింద గడ్డి నలిగిపోయి నేల కనిపిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా పక్షులను చూసేవారు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ కూడా, వేట వల్లనో రద్దీ వల్లనో ప్రమాదమున్న కొన్ని జాతులు కనిపించిన కచ్చితమైన స్థలాన్ని అందరికీ చూపకుండా దాచిపెడుతుంది. శాస్త్రానికి పనికివచ్చే సమాచారాన్నే అలా దాస్తున్నప్పుడు, ఆదివారం వినోదానికి ఇచ్చే సమాచారంలో ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. పేరు చెప్పవచ్చు, జిల్లా చెప్పవచ్చు. గూడు ఉన్న చెట్టు, గుంపు పడుకునే తిన్నె చెప్పనక్కరలేదు.

నా ఉత్తరం ఫొటోగ్రఫీకే వ్యతిరేకమని ఎవరూ భావించకూడదు. ప్రతి జనవరిలో ఆసియా అంతటా జరిగే నీటిపక్షుల లెక్కింపు 1987లో మొదలైంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులపాటు ఎవరి పెరట్లో వారు, ఎవరి చెరువు దగ్గర వారు పక్షులను లెక్కించే కార్యక్రమం 2013 నుంచి మన దేశంలోనూ సాగుతోంది. 2023లో వెలువడిన భారతీయ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం దేశంలోని ముప్పై వేలకు పైగా సామాన్య పక్షి పరిశీలకులు నమోదు చేసిన లెక్కలే. వాటిలో ఫొటోలకు పెద్ద పాత్ర ఉంది. దూరం నుంచి తీసిన, పత్రికలో వేయడానికి పనికిరాని మసక ఫొటో అయినా, తేదీ, స్థలం సరిగ్గా ఉంటే, ఏ పక్షి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లిపోయిందన్నదానికి సాక్ష్యంగా నిలుస్తుంది. చిలికాలో ఇటీవలి శీతాకాలాల్లో పది పదకొండు లక్షలకు పైగా పక్షులను అటవీశాఖ లెక్కించింది. నలబణ నుంచి మంగళాజోడి దాకా ఆ పని అటవీశాఖ చేస్తోంది గాని, బరంపురం చుట్టూ ఉన్న చిన్న చెరువులను, ఉప్పు మడులను, కోతలైన వరిపొలాలను వారం వారం చూసి రాసిపెట్టేవారు చాలా తక్కువ. ఆదివారం కెమెరాలతో వచ్చే యువకులు ఆ ఖాళీని నింపగలరు. మీ పత్రిక వారిని ఆ వైపు మళ్లించగలదు.

మా జిల్లాలోనే ఇందుకు ఒక ఉదాహరణ ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు, తీరపు దీపాలు ఆర్పాలని, తాబేలుకు ఎదురుగా నిలబడకూడదని, ఫ్లాష్ వేయకూడదని ఇక్కడి బడిపిల్లలు కూడా చెప్పగలరు. నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ ముఖద్వారం దగ్గర చేపల వేట మీద నిషేధం ఉన్నా, కష్టమే అయినా, జాలరి కుటుంబాలు భరిస్తున్నాయి. అదే తీరంలో, అదే వారాల్లో, అదే తిన్నె మీద వాలిన పక్షుల విషయంలో అటువంటి కట్టుబాటు ఏదీ ఏర్పడలేదు. తాబేలు కోసం పొట్టకూటిని వదులుకున్నవారి ముందు, పక్షి కోసం ఒక ఫొటోను వదులుకోవడం మాకు కష్టమని చెప్పుకోవడం ఏమంత బాగుండదు.

కనుక పత్రికకు నా విజ్ఞప్తులు ఇవి. ఫొటో పంపినవారిని అది ఎలా తీశారో, ఎంత దూరం నుంచి తీశారో అడగండి. డ్రోనుతో గాని పడవతో తరిమి గాని తీసినట్లు అనిపిస్తే పక్కన పెట్టండి. పక్షి గూటిలో ఉన్న ఫొటోలను గూళ్లు కట్టే ఈ కాలంలో అసలు వేయకండి. వ్యాఖ్యలో పక్షి పేరు సరిగ్గా రాయించండి. మీ విలేకరికి అనుమానం వస్తే బరంపురంలోనూ శ్రీకాకుళంలోనూ చెప్పగలిగినవారు ఉన్నారు. ఏటా ఫిబ్రవరి 2న చిత్తడినేలల దినోత్సవం సందర్భంగా మీరు వేసే ప్రత్యేక పుటలో, దగ్గరికి వెళ్లకూడని దూరం గురించి, మెడ ఎత్తగానే ఆగడం గురించి రెండు వాక్యాలు ఉంటే, వాటిని పడవవారు చించి రేవులో అంటించుకుంటారు. అటవీశాఖవారిని కోరేది ఒక్కటే: ఫిబ్రవరి పదిహేను నుంచి మార్చి ఆఖరుదాకా ఆదివారాల్లో రంభ, తంపర రేవుల్లో ఒక ఉద్యోగిని నిలబెట్టి, మరపడవలు గుంపుల నుంచి ఎంత దూరంలో ఇంజను ఆపాలో తెలుగులోనూ ఒడియాలోనూ బోర్డు మీద రాయించాలి. తెలుగులో ఎందుకంటే, సెలవురోజున ఆ పడవలెక్కేవారిలో సగం మంది ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి వచ్చేవారే.

గత ఆదివారం ఫొటో తీసిన యువకుడికి నైపుణ్యం ఉందన్న సంగతి స్పష్టంగానే తెలుస్తోంది. నీటి మీద నుంచి కాళ్లు వేలాడదీసుకొని లేచిన మొదటి పక్షి ఈకలు కూడా అందులో చెదరకుండా పడ్డాయి. ఆయన చిరునామా మీ కార్యాలయంలో ఉంటుంది కనుక ఈ ఉత్తరం ప్రతి ఒకటి ఆయనకు పంపగలరని ఆశిస్తున్నాను. వచ్చే ఆదివారం తంపర గట్టు మీద, తూర్పువైపు తాటిచెట్ల కింద, పొద్దుపొడవక ముందే కొందరం కూర్చుంటాం. సూర్యుడు వీపు వెనుక ఉంటాడు, బొల్లికోళ్లు వాటంతట అవే దగ్గరికి వస్తాయి. ఆయన వస్తానంటే చోటు ఉంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా